రిమార్కుల గడి

అజ్మాన్‌లో మా నాన్న ఏసీలు కడుగుతాడు.
నుఐమియాలో పాత బిల్డింగులు, కొత్త బిల్డింగులు,
లిఫ్టు నడిచేవి, నడవనివి,
అన్నీ ఆయనకు జాలీల లెక్కనే గుర్తు.

నేను డిగ్రీ మూడో ఏడులో ఉండగా
డాక్టర్ ఇహ్సాన్ బాబికర్ క్లాసయ్యాక నన్ను ఆపింది.
"నీ ప్రశ్నలు పరీక్షకు పనికిరావు.
శనివారం ల్యాబుకు రా."

అట్లా పోగైన వాళ్ళం ఆరుగురం.
ట్యాక్సీ డ్రైవరు కొడుకు,
సెలూన్‌లో కనుబొమ్మలు తీర్చే ఆమె కూతురు,
ఇంట్లో ఇంటర్ దాటిన మనిషి లేని నేను.
మొదటి నెలంతా పిపెట్ పట్టుకోవడమే. వేళ్ళు వణికేవి.
రెండో నెల "నాకు తెలియదు" అనడం నేర్పింది.
అది ఇంకా కష్టమైంది.

ఇళ్ళలోని దుమ్ము మీద పనిచేస్తానంటే
నమూనాలు ఎక్కడివి అంది.
మా నాన్న చేతుల్లో ఉన్నాయన్నాను.

ఆ రాత్రి నుంచి పొట్లాలు రావడం మొదలైంది.
మందుల షాపు కాగితం కవర్లు.
ఒకదాంట్లో బూడిద, ఒకదాంట్లో మసి, ఒకదాంట్లో పిల్లి బొచ్చు.
పైన ఇంటి నంబరు, తేదీ రాస్తే చాలన్నాను.
ఆయన రాసింది ఇదీ:

"304. పొద్దుమాపు ధూపం ఏస్తరు."
"612. బాల్కనీ ముయ్యరు. ఎదురుంగ బిల్డింగ్ కడుతున్నరు."
"809. ముసలామె ఒక్కతే. దగ్గు. నీళ్ళిచ్చింది."
"1105. ఒక్క రూములో పదకొండు మంచాలు. జాలీ రెండేండ్ల సంది తియ్యలే."

నాకు సిగ్గేసింది.
నంబర్లు మాత్రం నీటుగా ఎక్కించి
కవర్లు చెత్తబుట్టలో వేయబోతుంటే
ఆమె ఒకటి అందుకుంది. "ఏమి రాసుంది?"
చదివాను. మళ్ళీ చదవమంది.
"ఈ దగ్గు నీ పట్టికలో ఎక్కడుంది?"
పట్టిక అంచు దాటి, పెన్సిల్‌తో
వంకరగా ఇంకో గడి గీసింది.

ఏడు నెలలు. నూట నలభై పొట్లాలు.
జూలైలో నాన్న చొక్కా వీపున ఉప్పు తెల్లగా అట్టకట్టేది.
ఒకసారి త్రాసు తప్పు చూపించి ముప్పై నమూనాలు పోయాయి.
బాత్రూంలో ఏడ్చి వచ్చాను.
ఆమె టీ పోసి, సొరుగులోంచి ఒక ఉత్తరం తీసింది.
తన మొదటి వ్యాసం వద్దని తిప్పికొట్టిన ఉత్తరం,
మడతల దగ్గర చిరిగిపోయింది.
ఎందుకు దాచుకుందో అడగలేదు.

పీహెచ్‌డీ సంగతి వచ్చాక నాన్నను తీసుకురమ్మంది.
వచ్చీ రాగానే ఆయన గోడ మీది ఏసీని చూశాడు.
"గ్యాస్ తక్కువున్నది" అన్నాడు.
తర్వాత కూర్చున్నాడు.

"ఎన్నేండ్ల కాంట్రాక్టు?"
ఐదు, అంది.
"జీతమిస్తరా, మనమే కట్టాల్నా?"
ఇస్తారు, కొంచెమే.
"కఫీల్ ఎవలు?"
ఆ మాట నేను అనువదించనక్కర్లేదు, అది ఆమె భాషే.
కాసేపు పెన్ను మూత తిప్పుతూ ఉండిపోయింది.
"ఒక గైడు ఉంటారు. ఎవరి దగ్గర పిల్లలు నవ్వుతున్నారో
ఎవరి దగ్గర మానేశారో ముందే అడిగి చెప్తాను."
"పాస్‌పోర్టు?"
"ఈ అమ్మాయి దగ్గరే."

నాన్న చొక్కా జేబు తడుముకున్నాడు,
ఇరవై రెండేళ్ళుగా అక్కడ లేని దానికోసం.
"దీని కాడనే?"
మళ్ళీ అడిగాడు.
"దీని కాడనే ఉంటదా?"

దరఖాస్తు పంపి నాలుగు వారాలు. జవాబు లేదు.
లెక్క అయిపోయిందని, ఇంక వద్దని నాన్నకు చెప్పాను.
నిన్న రాత్రి భోజనం పళ్ళెం పక్కన మళ్ళీ ఒక పొట్లం.

"809. తాళం. వాచ్‌మన్ తీసిండు.
జాలీల కొద్దిగనే ఉన్నది."

పొద్దున త్రాసు మీద పెట్టాను.
సున్నా పాయింట్ నాలుగు గ్రాములు.
పెన్సిల్ గడిలో ఏం రాయాలో
ఇంకా తెలియలేదు.